ఆరుబయటి చదువు - రేపటి సాక్షులు

ఎడింబరో నగరమునుండి మా అన్నగారి కుమార్తె వ్రాసిన యుత్తర మొకటి ఈ మధ్య నాకు చేరినది. ఆమె యచ్చటి విశ్వవిద్యాలయమున ఆరుబయటి విద్య యను శాస్త్రము నభ్యసించుచున్నది. ఈ మాట చెప్పగనే మా పఠనమందిరమున కూర్చున్న మిత్రులు నవ్విరి. “చెట్లను గుట్టలను చూచుటకు సముద్రములు దాటి పోవలెనా? మన పసులకాపరి జీతము పుచ్చుకొని చేయు పనిని ఈ పిల్ల జీతము కట్టి నేర్చుకొనుచున్నదా?” యని యొక పెద్దమనిషి యడిగెను. ఆ పరిహాసమున కొంత న్యాయము లేకపోలేదు. కాని యుత్తరమును కడవఱకు చదివి వినిపించిన పిదప నవ్వినవా రెవ్వరును మరల నవ్వలేదు. మన నందఱిని నిలదీయు ప్రశ్న యొకటి యా యుత్తరమున గలదు. దానిని గూర్చి చదువరులకు నాలుగు మాటలు మనవి చేయ దలచితిని.

మొదటి పాఠము తరగతిగదిలో జరుగలేదట. నగరమునకు దక్షిణమున నున్న పెంట్లండు కొండలకు విద్యార్థుల నందఱిని నడిపించుకొని పోయిరట. సన్నని వాన, చలిగాలి. ఉపాధ్యాయురాలు పుస్తకము విప్పలేదు. ఒక్కొక్కరి నొక్కొక్క చోట కూర్చుండబెట్టి, అరగంటసేపు మాటలాడక చుట్టును చూడుడని మాత్రము చెప్పెను. తరువాత నామె యడిగిన ప్రశ్న స్కాట్లండును గూర్చినది కాదు. “మీరు పుట్టి పెరిగిన యూరి పొలిమేరలో మొలచు మొక్కలలో ఐదింటి పేర్లు మీ తల్లిభాషలో చెప్పుడు” అని యడిగెను. దేశదేశములనుండి వచ్చినవారిలో కొందఱు చెప్పిరి, కొందఱు తడుముకొనిరి. మా పిల్ల గరిక, తుంగ యని రెండు పేర్లు చెప్పి నిలిచిపోయెను. “బాబాయిగారూ, మన చెఱువు మా యింటికి రెండు ఫర్లాంగులు లేదు. పదునెనిమిదేండ్లు ఆ యూర నుంటిని. ఒక్కనాడైనను ఆ గట్టుమీద అరగంట కూర్చున్నదానను కాను. పొద్దున ట్యూషను, పగలు బడి, సాయంకాలము మరల ట్యూషను. వానలో తడిసినందుకు గాదు, ఈ మాట తలచుకొని నాకు కన్నీరు వచ్చినది” అని వ్రాసినది.

ఈ కన్నీటికి బాధ్యులెవరు? పిల్ల మాత్రము కాదు. ఆమెను చదివించిన వారము మనమే. మార్కుల పట్టికను చూచి మురిసినవారము మనమే. కావున ఆ చదువు ఎట్టిదో, దాని కాధారమేమో ముందుగా విచారింతము.

ఆరుబయటి విద్య యనగా కొండలెక్కుట, పడవలు నడుపుట మాత్రమే యని మనవారు భావింతురు. అవియు గలవు. కాని అందలి సార మది కాదు. వాగులో నీరెంత వేగముగ పోవుచున్నదో కొలిచి గణితము నేర్చుట, పాడుపడిన గోడను చూచి యూరి చరిత్ర నూహించుట, ఱాతిని తట్టి భూమి వయస్సును తెలిసికొనుట, ఇవి యన్నియు నందులోనివే. ఎడింబరోకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. నగరమధ్యమున నున్న సాలిస్‌బరీ ఱాతికొండ నెదుట పెట్టుకొని, పదునెనిమిదవ శతాబ్దమున జేమ్సు హట్టను భూగర్భశాస్త్రమునకు పునాది వేసెను. కరిగిన ఱాయి క్రిందినుండి పైకి చొచ్చుకొని వచ్చినదని యతడు పుస్తకములలో చదివి చెప్పలేదు. కొండచరియనే చదివి చెప్పెను. వృక్షశాస్త్రజ్ఞుడైన పాట్రిక్ గెడ్డీసు అదే నగరమున, తలతో బాటు చేతికిని హృదయమునకును చదువుండవలెనని బోధించెను. ఆయన 1914లో మన దేశమునకు వచ్చి, 1919లో బొంబాయి విశ్వవిద్యాలయమున సమాజశాస్త్రాచార్యు డయ్యెను. 2010లో స్కాట్లండు విద్యాధికారులు పాఠ్యప్రణాళికయంతయు ఆరుబయట నెట్లు బోధింపవచ్చునో మార్గదర్శకమునే ప్రకటించిరి.

ఇంతవఱకు ఉత్తరములోని విషయము ఉపాధ్యాయులకు సంబంధించినది. కాని చివర నామె వ్రాసిన రెండు వాక్యములు న్యాయవాదినగు నన్ను పట్టినవి. “ఆ కొండ యెవరిదో నాకు తెలియదు. మేము ముప్పదిమందిమి నడచుచుండగా, ఎవరి సెలవు పుచ్చుకొంటిరని యొక్కరును మమ్ము నడుగలేదు. ఇదెట్లు సాధ్యము?” అని యామె సందేహము. పాఠమునకు మూలము ఈ సందేహములోనే గలదు.

స్కాట్లండు శాసనసభ 2003లో భూసంస్కరణ చట్టము నొకదానిని చేసెను. 2005 ఫిబ్రవరినుండి దాని మొదటి భాగము అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ప్రతి మనుష్యునకును దేశములోని భూములపైనను, ఏళ్లలోను, సరస్సులలోను సంచరించు హక్కు గలదు. ఆ భూమి ప్రభుత్వముదా, ప్రభువుదా యను విచారణ లేదు. అయితే ఇది విచ్చలవిడితనము గాదు. ఇండ్లకును వాటిని చేరిన ఆవరణములకును ఈ హక్కు వర్తింపదు. పైరున్న చేలలో త్రొక్కుకొని పోరాదు. వేటాడరాదు; మోటారు బండి తోలరాదు; ఇతరులకు హాని గలుగకుండ మెలగవలెను. భూస్వామియు తన భూమిని ఈ హక్కునకు భంగము గలుగకుండ నిర్వహింపవలెను. ఇందులో మనము గమనింపదగిన విశేష మొకటి గలదు. ఏయే కార్యములకై జనులు ఇట్లు సంచరింపవచ్చునో చెప్పుచు, శాసనకర్తలు వినోదముతో బాటు విద్యను గూడ స్పష్టముగ పేర్కొనిరి. ప్రకృతిని గాని, పూర్వసంస్కృతిని గాని తాను తెలిసికొనుటకును, ఇతరులకు తెలియజెప్పుటకును వచ్చినవానికి ఆ నేలపై నిలుచు హక్కు గలదని చట్టమే చెప్పుచున్నది. మా పిల్ల ఆ కొండమీద కూర్చున్నది ఎవరి దయాధర్మమువలనను గాదు; హక్కువలన.

ఈ హక్కు ఆకాశమునుండి ఊడిపడలేదు. దాని చరిత్రలో ఒక తరగతి విద్యార్థులకు గూడ పాలు గలదు. 1847లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడైన జాన్ హట్టను బాల్ఫరు తన విద్యార్థులను వెంటబెట్టుకొని, మొక్కలను సేకరించుచు, గ్లెన్ టిల్టు అను లోయ దారిన వచ్చుచుండెను. ఆ లోయ అథోలు ప్రభువు ఏలుబడిలోనిది. ఆ ప్రభువు తన జింకల వేటకు భంగమగునని తన పరివారముతో వచ్చి దారి కడ్డము నిలిచెను. ఇది తరతరములుగా జనులు నడచిన దారి యని ఆచార్యుడు వాదించెను; ప్రభువు వినలేదు. అంతట గురుశిష్యులు ప్రక్కనున్న ఱాతిగోడ దూకి తమ దారిని తాము పోయిరి. మొక్కలను గూర్చిన పాఠము ఆ దినమున హక్కులను గూర్చిన పాఠముగా మాఱినది. 1845లోనే దారుల రక్షణకై యేర్పడిన ఎడింబరో పౌరుల సంఘము ప్రభువుపై వ్యాజ్యము తెచ్చెను. అట్టి వ్యాజ్యము తెచ్చుటకు సంఘమువారికి అధికారము గలదా యను తగవు హౌసు ఆఫ్ లార్డ్సు దాక పోయి, 1852లో పౌరుల పక్షమున తేలినది. ఆ దారి నేటికిని తెఱచియే యున్నది.

తరువాత 1885లో కింటెయిలు ప్రాంతమున మఱియొక వింత వ్యాజ్యము నడచినది. అపారమైన వేటభూములను గుత్తకు తీసికొనిన యొక అమెరికా ధనికుడు, ఒక పేద గుడిసెవాసి సాకుకొను గొఱ్ఱెపిల్ల తన గడ్డి మేసినదని కోర్టు కెక్కెను. న్యాయమూర్తులు ఆ వ్యాజ్యమును కొట్టివేసిరి. గ్లెన్ డాల్ అను లోయ దారిని గూర్చి వివాదము పుట్టి, 1888లో హౌసు ఆఫ్ లార్డ్సులో పౌరులకు జయము గలిగెను. ఈ వ్యాజ్యమున గెలిచిన సంఘమును, ఓడిన భూస్వామియు నిరువురును ఖర్చులవలన చితికిపోయిరి. కాని నేను చెప్పదలచినది ఖర్చు మాట గాదు. పౌరులను గెలిపించిన సాక్షులెవరు? పట్టాలు గాదు, దస్తావేజులు గాదు. ఆ దారివెంట ఏండ్లతరబడి గొఱ్ఱెలను తోలిన వృద్ధ కాపరులు కోర్టు కెక్కి, మేము నడచితిమని చెప్పిరి. ఆ మాటయే దారికి పట్టా యయ్యెను.

చదువరులారా, నా వృత్తిలో నే నెఱిగిన సత్యము నొకదానిని ఇచ్చట చెప్పెదను. పదిమందికి చెందిన ఆస్తి కాగితముమీద కంటె జనుల జ్ఞాపకములో నెక్కువగా బ్రదుకుచుండును. చెఱువు పోరంబోకులను గూర్చిన తగవులను కొన్నిటిని నేను దగ్గఱనుండి చూచితిని. అలుగు ఎక్కడ నుండెను, తూము నీరు ఏ కాలువన పోయెను, పశువులు ఏ రేవున దిగెను, ఈ సంగతులు చెప్పుటకు వచ్చు సాక్షులందఱును డెబ్బది యేండ్లు పైబడినవారే. కాలు వణకుచుండ బోను పట్టుకొని నిలుచుందురు. ఒకసారి యిట్టి వృద్ధుడొకడు సాక్ష్యమిచ్చిన యారు నెలలకే కాలము చేసెను. మరల అవసరము వచ్చినప్పుడు ఆ యలుగు స్థలమును చూపగలవా డూరిలో మఱి యొక్కడును లేడయ్యెను. నలుబది యేండ్లవాడు గూడ, మా తాత యెఱుగును, నే నెఱుగనని చెప్పెను. గట్టుమీద నడువనివాడు గట్టునకు సాక్షి కాజాలడు. మా పిల్ల ఐదు పేర్లు చెప్పలేకపోవుటయు, ఆ చెఱువు హద్దు చెప్పలేకపోవుటయు నొక్క రోగమునకే రెండు లక్షణములు.

ఇంతమాత్రమున స్కాట్లండును దేవలోకమని కొనియాడుట నా యుద్దేశము గాదు. పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దములలో గొఱ్ఱెల మందలకొఱకు ఉత్తరభాగపు లోయలలోని రైతు కుటుంబములను ఇండ్లనుండి వెళ్లగొట్టిన దేశమది. పర్వతములపై జనులకు హక్కు గల్పింపవలెనని జేమ్సు బ్రైసు పార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టినది 1884లో, అది నెగ్గలేదు. 1884 మొదలు 2003 వఱకు 119 సంవత్సరములు పట్టినవి. వారికి లభించినది వరము గాదు, వాడుక విడువని జనుల పట్టుదలకు ఫలము.

ఇక మన కథ. ఎడింబరో వృక్షశాస్త్రమునకును తెలుగుదేశమునకును పాతచుట్టఱికము గలదు. అచ్చట చదివిన విలియం రాక్స్‌బరో 1781 మొదలు పండ్రెండేండ్లు మన సామర్లకోటలో నుండి, కోరమాండలు తీరపు మొక్కలను పరిశోధించెను. ఆయన గ్రంథములలో మొక్కకు లాటిను పేరుతో బాటు తెలుగు పేరు గూడ వ్రాసియున్నాడు. మన అడవులలోని సోమిద చెట్టునకు శాస్త్రజ్ఞులు నేటికిని వాడుచున్న సోయ్మిడా యను నామము మన తెలుగు మాటయే. ఆ పేర్ల నాయనకు చెప్పినవా రెవరు? మన యడవులలో తిరిగిన మనవారే. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. తరువాత మద్రాసున పుట్టి ఎడింబరోలో వైద్యము చదివిన హ్యూ క్లెగ్‌హారను 1856లో మద్రాసు రాజధానికి అటవీ సంరక్షకు డయ్యెను. అట్లు మొదలైన శాఖ చేతికి 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చినది. రిజర్వు గీత గీసిన పిమ్మట, ఆ చెట్లకు పేర్లు పెట్టినవారి మనుమలు ఆ చెట్ల క్రింద నిలుచుటయే నేర మయ్యెను.

ఇందలి విచిత్రమును గమనింపుడు. ఒకే విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రము తన దేశమున గోడ దూకి దారిని తెఱచినది. మన దేశమున దాని విద్య నభ్యసించినవాడు స్థాపించిన శాఖ దారిని మూసినది. శాస్త్రమున దోషము లేదు. ఒకచోట దాని వెనుక పౌరులుండిరి. మఱియొకచోట దొరతన ముండెను. పశువులను మేపుకొనుటకు కట్టవలసిన పుల్లరిని పల్నాటి రైతులు 1921లో ధిక్కరించిరి. 1922 ఫిబ్రవరి 22న కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆ పోరాటమును మనము పన్ను పోరాటమని చదువుకొంటిమి. అది నేలపై నడచు హక్కునకై జరిగిన పోరాటము గూడ. అడవిలో నివసించువారికి జరిగినది చారిత్రకమైన అన్యాయమని మన పార్లమెంటు ఒప్పుకొనుటకు 2006 నాటి అటవీ హక్కుల చట్టము దాక ఆగవలసి వచ్చినది.

స్వతంత్రులమైన పిదప మనమేమి చేసితిమి? పర్యావరణము పాఠశాలలలో తప్పక బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లో నిర్దేశించెను. 2003లో మరల గట్టిగా చెప్పెను. ఉద్దేశము శ్లాఘ్యమే. కాని ఆజ్ఞ గదిలోనికి వచ్చునప్పటికి పుస్తకమైనది; పుస్తకము ప్రశ్నపత్రమైనది. చెఱువుల వలని లాభము లైదు వ్రాయుమనిన మన బాలుడు తడవుకొనక వ్రాయును, మార్కులు పొందును. బడి వెనుకనున్న చెఱువు పూడుచున్నదని అతనికి తెలియదు. శాంతినికేతనమున 1901లో రవీంద్రుడు చెట్లక్రింద బడి పెట్టిన దేశమిది. 1937లో గాంధీ మహాత్ముడు వార్ధాలో చేతిపనితో కూడిన చదువును ప్రతిపాదించిన దేశమిది. పిల్లను అరగంట నేలపై కూర్చుండబెట్టుట యను పాఠమును పరదేశములో నేర్చుకొనవలసిన గతి మనకేల పట్టవలెను?

అట్లని పూర్వకాలమంతయు మంచిదని చెప్పిన అసత్య మగును. మన చెఱువుగట్లు పూర్వము గూడ అందఱికిని తెఱచి యుండలేదు. ఊరి చెఱువులో నీరు ముట్టరాదని తోడి మనుష్యులను తరిమిన పాపము మనది. 1927 మార్చిలో డాక్టరు అంబేద్కరు వేలమందిని వెంటబెట్టుకొని మహాడ్ చవదారు చెఱువు నీటిని దోసిట పట్టవలసి వచ్చెను. అందుకే మన రాజ్యాంగము 15వ అధికరణమున బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రోడ్లు, ప్రజలు గుమికూడు స్థలములు అని పేరుపేరున చెప్పి, ప్రభుత్వ ధనముతో పోషింపబడునట్టియు ప్రజోపయోగమునకై వదలినట్టియు వీటి విషయమున ఏ పౌరుని గాని జాతి, మత, కుల, లింగ, జన్మస్థల భేదములచేత అడ్డగింపరాదని శాసించెను. స్కాట్లండు చట్టమునకు అర్ధ శతాబ్దము ముందే మన రాజ్యాంగమున పడిన విత్తనమిది. అన్ని యిండ్ల పిల్లలును, ఆడపిల్లలును మగపిల్లలును, ఒక్క వరుసలో చెఱువుగట్టుపై నడచిననాడు గాని అది మొలకెత్తదు.

హక్కు గలదు సరే, చెఱు వేదీ యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. తిరుపతి పొరుగున నున్న అవిలాల, పేరూరు చెఱువులు ఇండ్ల స్థలములుగా మాఱుచుండగా అచ్చటి పౌరులు సుప్రీంకోర్టు దాక పోరాడిరి. 2006లో వచ్చిన తీర్పున, ప్రభుత్వము ఇట్టి ప్రకృతి సంపదకు యజమాని గాదు, ప్రజల తరపున ధర్మకర్త మాత్రమే యను సిద్ధాంతమును న్యాయస్థానము ఉద్ఘాటించినది. కాని కట్టిన యిండ్లు కట్టినట్లే నిలిచినవి. ఇకముందు కట్టరాదన్నదే మిగిలినది. గ్రామముల ఉమ్మడి భూములనుండి ఆక్రమణదారులను తొలగింపుడని 2011లో అదే న్యాయస్థానము రాష్ట్రములన్నిటిని ఆదేశించెను. తీర్పులకు కొఱత లేదు. కోర్టుకు పోవునప్పటికి చెఱువు సగము పోయియుండును; అదియే కొఱత. హైదరాబాదున కంచ గచ్చిబౌలి భూములలో చెట్లను యంత్రములతో కూల్చుచుండగా 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలుపుదల చేసెను. అంతకు ముందు బయటికి వచ్చి అఱచినవారు ఆ ప్రక్కనున్న విశ్వవిద్యాలయపు విద్యార్థులు. వారా చెట్లమధ్య తిరిగినవారు గనుక అఱచిరి. తిరుగనివాని కేమి పోయినదో తెలియదు.

ఆక్షేపణ లుండును. మొదటిది ప్రమాదభయము. 2014 జూన్ 8న హిమాచల ప్రదేశమునకు విహారమునకై పోయిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువ ఆనకట్టనుండి విడిచిన నీటిలో చిక్కి బియాసు నదిలో కొట్టుకొనిపోయిరి. ఆ తల్లుల దుఃఖమును తక్కువ చేయువాడను గాను. ఎడింబరోకును అట్టి దుఃఖము తెలియును. 1971 నవంబరులో కేర్న్‌గారం పర్వతములపై మంచుతుపానులో ఆ నగరపు బడిపిల్లలు ఐదుగురును, శిక్షణలోనున్న సహాయకురా లొకతెయు మరణించిరి. విచారణ జరిగినది. వారు పిల్లలను కొండలకు తీసికొనిపోవుట మానలేదు. తీసికొనిపోవు వారికి తగిన శిక్షణయు అర్హతయు నుండవలెనని కట్టుదిట్టము చేసిరి. నీటికి భయపడి బిడ్డను గదిలో పెట్టిన తల్లికంటె, ఈత నేర్పిన తల్లియే బిడ్డను కాపాడినది గదా!

రెండవది తీరిక లేదను మాట. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6వ తరగతి మొదలు 8వ తరగతి వఱకు గల పిల్లలకు పుస్తకముల సంచి లేని దినములు పదింటిని నిర్దేశించినది. ఆ పది దినములను ఏమి చేయవలెనో తోచక, ఏదో ప్రదర్శనశాలకు బస్సులో తీసికొనిపోయి ఛాయాచిత్రములు తీసి ముగింపవద్దు. ఎండ యెక్కువనువారు ఉదయము రెండు గంటలు చాలించుకొనవచ్చును. వానలు వెనుకపట్టి చలి మొదలైన నెలలకంటె మనకు మంచి కాలమేది?

ఆ పది దినములలో జరుగవలసిన పనిని మనవి చేసెదను. దీనికి దూరదేశపు కొండలక్కఱలేదు, ఖరీదైన పరికరము లక్కఱలేదు. పంచాయతీలోని పటమును పంతులుగారు చేతబట్టుకొనవలెను. ఊరిలో వృద్ధుడైన గొఱ్ఱెలకాపరియో, నీరు పంచిన నీరటియో, చేపలు పట్టు బెస్తయో ముందు నడువవలెను. ఆ దినములకు గురువు ఆతడే. పంతులుగారు కూడ శిష్యులే. పిల్లలు చెఱువు చుట్టు నడచి, అలుగును, తూమును, హద్దుఱాళ్లను గుర్తించి, పటములోని దానితో పోల్చి, తామే చిత్తుపటము వ్రాయవలెను. కనబడిన చెట్టునకు, పిట్టకు, గడ్డికి తెలుగు పేరును, చెప్పినవాని పేరుతో సహా వ్రాయవలెను. రాక్స్‌బరో చేయని పని యిది. ఆ పుస్తకమును గ్రామ గ్రంథాలయమున భద్రపఱచి, ఏటేట క్రొత్త తరగతివారు పాతదానితో సరిచూడవలెను. తేడా యున్నచో గ్రామసభలో పిల్లలచేతనే చదివింపవలెను. ఐదేండ్లు ఈ పని జరిగిన ఊరిలో చెఱువును రాత్రికి రాత్రి పూడ్చుట యెవనికిని సులభము గాదు. ఏలయన, ఆ యూరిలో బోనెక్కి చెప్పగల సాక్షులు డెబ్బది యేండ్లవారే గాక, పండ్రెండేండ్లవారును ఉందురు.

ఈ పనికి ప్రభుత్వపు ఉత్తరువుకై కాచుకొనవలసిన పని లేదు. పఠనమందిరములలో పత్రికలు చదువు పెద్దలకు ఆదివారపు ఉదయము లున్నవి. మన మన యూళ్ల బడులలోని ఉపాధ్యాయులను పలుకరించి, తోడుగా నడచుటకు ఇద్దఱు ముగ్గురు స్వచ్ఛందసేవకులను ఇచ్చిన చాలును.

విదేశవిద్యను గూర్చి యొక మాట. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారును ఆ ఎడింబరోలో చదివి వచ్చినవారే. 1921లో చీరాల పేరాల ప్రజలు మునిసిపాలిటీని నిరాకరించి, ఇండ్లు విడిచి, ఊరిబయట రామనగరమున పాకలు వేసికొని నెలలతరబడి యున్నప్పుడు ఆయన వారి నడుమ నుండెను. పరదేశమున చదివినది ఆయనను తన నేలకు దూరము చేయలేదు. మా పిల్ల తిరిగి వచ్చునో, అచ్చటనే యుండునో నేను చెప్పజాలను. అది యామె యిష్టము. కాని వానలో కూర్చుండి తన యూరి చెఱువును తలచుకొని కంటతడి పెట్టిన పిల్ల చదువు వ్యర్థము గాదని మాత్రము చెప్పగలను.

ఆమెకు ప్రత్యుత్తరము వ్రాయబోయి, ఆ ఐదు పేర్లను నేనైన చెప్పగలనా యని నన్ను నేను పరీక్షించుకొంటిని. మూడింటితో ఆగిపోయితిని. మఱునాటి యుదయమున మా చెఱువుగట్టునకు పోతిని. గొఱ్ఱెలు తోలుకొని పోవుచున్న ముసలివా డొకడు నా చేతిలోని కాగితమును చూచి నిలిచెను. సంగతి చెప్పగా, నా కనికరింపదగిన స్థితికి నవ్వి, గట్టు పొడుగునను నన్ను నడిపించి, ఉత్తరేణి, పల్లేరు, తంగేడు, వావిలి, గుంటగలగర, పొన్నగంటి, బ్రహ్మదండి, నేలవేము, జమ్ము అని యొక్కొక్కటి చేతితో తాకి చూపెను. పూర్వము అలుగు ఎంతవఱకు నుండెడిదో గూడ, అడుగకయే చూపెను. తొమ్మిది పేర్లును, ఆ యలుగు గుర్తును వ్రాసి ఎడింబరోకు పంపితిని. ఒక ప్రతిని మా పఠనమందిరమున నుంచితిని. తక్కిన పేర్లు తెలిసినవారు వచ్చి దాని క్రింద వ్రాయ ప్రార్థన.